నాలుగు గళ్ల బొమ్మలు, మీగడ గిన్నె

తెనాలి,
దసరా సెలవులు

చిరంజీవులు బుజ్జికీ, పండుకీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెబుదునుగానీ, మీ అమ్మ ఫోన్ లాక్కుని నిన్ను హోంవర్కుకి తరిమేసింది. ఒకందుకు మంచిదే అయింది. ఉత్తరంలో అయితే నా మాటకి ఎవరూ అడ్డు రారు.

'పీనట్స్' బొమ్మల కథల్లో పిల్లల గురించి నువ్వడిగింది ఇదీ: "తాతయ్యా, లూసీ ప్రతిసారీ బంతి లాగేస్తుంది, చార్లీ బ్రౌన్ ప్రతిసారీ వెల్లకిలా పడతాడు. వాడికి ఆ మాత్రం తెలీదా? ఒకే జోకు ఎన్నిసార్లు వేస్తారు?" పక్కనుంచి పండు కూడా ఒకటి తగిలించాడు: "పాత పేపర్లో బొమ్మలకి అంత లావు పుస్తకమా?"

ఈ రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుందని నాకనిపిస్తోంది. కాకపోతే అక్కడికి నేను కాస్త చుట్టు తిరిగి వస్తాను. మీకు అలవాటేగా.

వేసవిలో మీరు నా బీరువాలోంచి పట్టుకెళ్లింది 'పీనట్స్' సంపుటాల్లో ఒకటి. మీ నాన్న ఉద్యోగంలో చేరాక ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల్లోంచి ఒక్కొక్కటే ఏరి నాకు తెచ్చిపెట్టాడు. ఆ బొమ్మలు గీసినాయన చార్లెస్ షుల్జ్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో పెరిగాడు. వాళ్ల నాన్నకి సెలూన్ ఉండేది. మీ చార్లీ బ్రౌన్ వాళ్ల నాన్న కూడా సెలూన్ నడుపుతాడు, గమనించారో లేదో. షుల్జ్ బొమ్మలు వేయడం పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నాడు. 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో ఈ స్ట్రిప్, అంటే గళ్ల బొమ్మల వరస, మొదలైంది. 'పీనట్స్' అన్నది ఆయన పెట్టిన పేరు కాదు, బొమ్మలు కొని పత్రికలకి పంచే సిండికేట్ వాళ్లు తగిలించింది. చివరిదాకా ఆయనకి ఆ పేరు నచ్చలేదు పాపం.

దినపత్రికలో రోజూ వచ్చేది ఎక్కువగా నాలుగు గళ్లు, నాలుగూ ఒకే కొలత. ఎందుకో తెలుసా? పేపర్లో చోటు తక్కువ. నాలుగూ ఒకే కొలతలో ఉంటే ఎడిటరు వాటిని అడ్డంగా ఒక వరసలో పెట్టుకోవచ్చు, నిలువుగా ఒకదాని కింద ఒకటి పేర్చుకోవచ్చు, రెండు మీద రెండు పెట్టి చదరంగానూ సర్దుకోవచ్చు. చోటు కలిసొస్తుందని చెప్పే దాన్ని పత్రికలకి అమ్మారు. ఆ ఇరుకులోనే ఆయన 1988 దాకా సర్దుకున్నాడు. స్ట్రిప్ గీసింది మాత్రం దాదాపు యాభై ఏళ్లు. మొత్తం 17,897 స్ట్రిప్పులు! సహాయకుల్ని పెట్టుకోలేదు, మాటల అక్షరాలు కూడా తన చేత్తోనే రాశాడు. 1997లో డెబ్భై అయిదో పుట్టినరోజుకి అయిదు వారాలు సెలవు తీసుకున్నాడు. అన్నేళ్లలో ఆయన తీసుకున్న సెలవంటే అదొక్కటే. చివరి ఆదివారం స్ట్రిప్ 2000 ఫిబ్రవరి 13న పత్రికల్లో వచ్చింది. ఆయన అంతకుముందు రాత్రే పోయాడు.

ఇక పండు ప్రశ్న. మీ నాయనమ్మ రోజూ పాలు కాచి చల్లార్చాక మీగడ తీసి ఒక గిన్నెలో వేస్తుంది, చూశారుగా? ఒక రోజు మీగడ ఎంతుంటుంది? ఒక చెంచాడు. దాన్ని పట్టుకుని ఎవరైనా విందు చేసుకుంటారా? వేలితో తీసి నాక్కుంటే అయిపోతుంది. పొద్దున్నే పేపర్లో చూసిన నాలుగు గళ్లూ అంతే. కాఫీ చల్లారేలోపు చదివేస్తాం, చిన్న నవ్వు నవ్వి పేజీ తిప్పేస్తాం. మర్నాటికి ఆ పేపరు అటక మీదకో, అలమర అరల్లో పరవడానికో పోతుంది.

మీగడ గిన్నెలో చేరుతుంటే సంగతి వేరు. సోమవారం మీగడ మీద మంగళవారంది, దాని మీద బుధవారంది, మధ్యలో కాస్త మజ్జిగ చుక్క. కింది పొర పులుస్తుంది, పైదానికి ఆ పులుపు తగులుతుంది. ఆదివారం నాయనమ్మ కవ్వం వేసి చిలికితే వెన్న తేలుతుంది. ఏ ఒక్కరోజు చెంచాలోనూ వెన్న కనపడలేదు. ఎక్కణ్ణించి వచ్చిందంటే, అన్నిట్లోనూ ఉంది. వెన్న కాస్తే నెయ్యి, అందులో నాలుగు మునగాకులు వేస్తే ఆ వాసన వీధి చివరిదాకా పోతుంది. అడుగున మిగిలే మడ్డి కోసం మీ నాన్నా, బాబాయీ చిన్నప్పుడు కొట్టుకునేవాళ్లు. బెల్లంపొడి కలిపి ఇస్తేగానీ గొడవ ఆగేది కాదు. అయితే స్ట్రిప్పుల్లో మడ్డి ఏదంటే నాకూ తోచడం లేదు. నీరసంగా వచ్చిన రోజులవి అనుకుందాం. పుస్తకంలో అవీ ఉంటాయి, వాటినీ చదవాలి. కవ్వం ఎవరంటే మీరే. నిన్న చదివింది మీకు గుర్తుండడమే చిలకడం. సరే, పోలికని ఇంక లాగను. మీ నాయనమ్మ ఇది చదివితే "మీగడ గురించి మీకేం తెలుసు" అంటుంది.

గిన్నె లేకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా చిన్నతనంలో మా వీధిలో ఇంగ్లీషు పేపరు తెప్పించేది ప్లీడరుగారొక్కరే. అది మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. ఆయన చదివాక గుమాస్తా, గుమాస్తా తర్వాత మా నాన్న. ఆ పేపర్లో అడవిలో పుర్రె గుహలో ఉండే ముసుగు వీరుడి కథ రోజుకి మూడు గళ్లు వచ్చేది. ఫాంటమ్ అంటారు, లీ ఫాక్ అనే ఆయన 1936లో మొదలుపెట్టాడు. నాకు అప్పటికి ఇంగ్లీషు సరిగా రాదు, బొమ్మలు చూసి కథ అల్లుకునేవాణ్ణి. మా నాన్న చదవడం అయ్యాక పేపరు నా చేతికొస్తుందని కాచుక్కూర్చుంటే, ఒక్కోసారి అది తిన్నగా శెట్టిగారి కొట్టుకి పోయేది. అక్కడ చింపి పొట్లాలు కట్టేవారు. వీరుణ్ణి చెట్టుకి కట్టేశారు, కింద మంట పెట్టారు. మర్నాటి ముక్క నాకు దొరకలేదు. ఆ పై వారం మా అమ్మ ధనియాలు తెమ్మంటే తెచ్చాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే అందులో వీరుడు గుర్రం మీద పోతున్నాడు! ఎలా బయటపడ్డాడో ఈరోజుకీ తెలీదు. ఆ టెన్షన్ తట్టుకోలేక మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని, దొరికినవన్నీ కోసి, మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో పాత నోటు పుస్తకంలో అంటించడం మొదలుపెట్టాను. ఆ జిగురు వాసనకి బొద్దింకలు పట్టి పుస్తకం సగం తినేశాయి. మిగతా సగం ఎవరో స్నేహితుడు చదివి ఇస్తానని తీసుకెళ్లాడు.

పెద్దయ్యాక అలాంటి సాహస కథలు పుస్తకాలుగా దొరికితే ఆత్రంగా కొన్నాను. చిత్రం ఏమిటంటే, వరసగా కూర్చుని చదువుతుంటే కొంచెం విసుగొచ్చింది. నిన్నటి పేపరు చూడనివాళ్ల కోసం ప్రతిరోజూ మొదటి గడిలో నిన్నటి సంగతి మళ్లీ చెబుతారు. పేపర్లో అది అవసరం. పుస్తకంలో మాత్రం పేజీ పేజీకీ చెప్పిందే చెబుతున్నట్టుంటుంది. షుల్జ్ బొమ్మలకి ఆ ఇబ్బంది తక్కువ. ఏ రోజు ముక్క ఆ రోజుకి చాలుతుంది, పక్కన రేపటిది పెడితే ఇంకా రుచి పెరుగుతుంది. పుస్తకంగా నిలిచేవీ నిలవనివీ అక్కడే తేలిపోతాయని నా అభిప్రాయం. పులి బొమ్మతో తిరిగే కాల్విన్ అనే పిల్లాడి స్ట్రిప్ కూడా ఇలా నిలిచేదే. 1985 నుంచి 1995 దాకా పదేళ్లే వచ్చింది. దాని సంగతి ఇంకోసారి చెబుతాను, ఇప్పుడు ఎత్తుకుంటే మీ ఉత్తరం తపాలాకి అందదు.

బుజ్జీ, ఇప్పుడు నీ బంతి దగ్గరికి వద్దాం. ఆ బంతి మన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉంటుంది. నేల మీద నిలబెట్టి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు పరుగెత్తుకొచ్చి తన్నాలి. మొట్టమొదట 1951లో బంతి లాగింది లూసీ కాదు, వయొలెట్ అనే ఇంకో పిల్ల. మరుసటి ఏడాది నవంబరులో లూసీ అందుకుంది. అక్కణ్ణుంచి చాలామటుకు ప్రతి ఏడూ ఆకులు రాలే కాలంలో, అంటే అక్కడ ఆ ఆట మొదలయ్యే రోజుల్లో, ఇది వస్తూనే ఉంది. చూడు, ఆ పిల్ల ఏటా ఒక కొత్త కారణం చెబుతుంది, చార్లీ బ్రౌన్ ఏటా ఆలోచిస్తాడు. "ఈసారి నమ్మను" అన్నట్టే నిలబడతాడు. తర్వాత నమ్ముతాడు. నువ్వు ఒకే జోకు అన్నావుగానీ, అందులో మారని గడి చివరిదొక్కటే.

వాడికి తెలీదా అన్నావు. తెలుసు తల్లీ, నీకూ నాకూ తెలిసినంతా వాడికీ తెలుసు. అయినా పరుగెత్తుతాడు. ఒక్క ఏడాదిది చదివితే వాడు వట్టి వెర్రివాడు అనిపిస్తాడు. పది సంపుటాలు చదివాక ఆ పిల్లాడు పరుగు మొదలుపెట్టగానే నా గుండె జారుతుంది. ఈసారైనా తంతాడేమోనని! ఆ ఆశ వాడిదో నాదో నేను చెప్పలేను.

1999 అక్టోబరులో ఆఖరిసారి వచ్చింది. లూసీ బంతి పట్టుకుని కూర్చుంటే భోజనానికి పిలుపు వచ్చింది. బంతిని తమ్ముడు రీరన్ చేతికిచ్చి లోపలికి వెళ్లింది. తర్వాత తమ్ముడు ఇంట్లోకి వస్తే ఆత్రంగా అడిగింది, ఏమయింది, లాగేశావా, తన్నాడా అని. వాడు చెప్పలేదు. షుల్జ్ కూడా ఆ గడి గీయలేదు. లూసీకి తెలీదు, మనకీ తెలీదు. ఆ ఆదివారం ఆ పేపరు మొదటిసారి చేతికొచ్చినవాళ్లకి ఇందులో ఏముందనిపించి ఉంటుంది. ముందు ఏళ్లవన్నీ చదివినవాళ్లు దాని ముందు ఎంతసేపు కూర్చుంటారో మీరే కూర్చుని చూడండి.

ఇంకో వింత నాకు ఎప్పటికీ అంతుపట్టదు. ఆ బొమ్మలు పత్రికలో వచ్చేవి కాబట్టి పత్రికతోపాటే కాలాలూ తిరుగుతాయి. వసంతంలో బేస్‌బాల్, ఎండల్లో శిబిరం, అక్టోబరులో లూసీ పెద్ద తమ్ముడు లైనస్ గుమ్మడి తోటలో తను నమ్మే, ఎప్పుడూ రాని 'గ్రేట్ పంప్‌కిన్' కోసం కాచుకోవడం, తర్వాత మంచు. అలా యాభైసార్లు దాదాపు. ఋతువులు అంతలా తిరుగుతుంటే పిల్లలు పెరగరు! అసలు పెరగరా అంటే, పెరుగుతారు కూడా. పియానో వాయించే ష్రోడర్ మొదట పాపాయిగా వచ్చాడు. లైనస్ కూడా పాపాయే. చార్లీ బ్రౌన్ చెల్లెలు శాలీ 1959లో పుట్టింది. వీళ్లు కొద్దికాలంలో పెరిగి, తక్కినవాళ్ల ఈడు దాపుకి వచ్చి, అక్కడ ఆగిపోయారు. ఎప్పుడు ఆగారో వేలు పెట్టి చూపించమంటే నావల్ల కాదు. ఓడిపోవడమే పనిగా ఉన్న చార్లీ బ్రౌన్ 1993 మార్చిలో ఒక రోజు బేస్‌బాల్‌లో హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. నలభై ఏళ్లు పైగా ఆడాక! పేపర్లో అది ఒక్క పొద్దు వార్త. పుస్తకాల్లో దానికి ముందు ఎన్ని ఓటములున్నాయో దొంతర కంటికి కనిపిస్తుంది.

ఒకటి చెబుతాను, తాతయ్య నీతులు మొదలుపెట్టాడని మొహాలు ముడుచుకోకండి. ఆ పుస్తకాన్ని మీరు రీల్స్ తోసినట్టు ఒక్క రాత్రిలో తోసేయకండి. రోజుకి ఒక వారం బొమ్మలు చాలు. ఆయన రోజుకొకటి చొప్పున గీసినది మనం గంటలో మింగేస్తే ఆయనకి పోయేదేం లేదు, మనకే ఏదీ గుర్తుండదు. నవ్వు రాని రోజున దాటేయకుండా, ఇందులో ఏం చూసి నవ్వాలనుకున్నాడో అని ఒక్క నిమిషం ఆగండి.

ఒక పని అప్పజెబుతున్నాను. మీ దగ్గరున్న సంపుటంలో చార్లీ బ్రౌన్ కుక్క స్నూపీ తన ఇంటి కప్పు మీద వెల్లకిలా పడుకుంటాడు, రెండు కాళ్ల మీద నడుస్తాడు, ఏవేవో పెద్ద పెద్ద ఆలోచనలు చేస్తాడు. మొదటి సంపుటం మొదట్లో వాడు మామూలు కుక్కపిల్ల, నాలుగు కాళ్లు, మాటా లేదు, ఆలోచనా లేదు. ఈ మార్పు ఎక్కడ జరిగింది? ఒక్క రోజులో జరగలేదని మాత్రం చెబుతాను, ఏడాది చెప్పను. మొదటి సంపుటాలు ఇక్కడ మూడో అరలో ఉన్నాయి. సంక్రాంతికి వస్తారుగా, బుజ్జి ఒకటీ పండు ఒకటీ పట్టుకుని వెతకండి. ప్రతి బొమ్మ దగ్గరా తేదీ ఉంటుంది. దొరికిన తేదీలు ఎవరికి వారు విడిగా రాయండి, ఒకళ్లది ఒకళ్లు చూడొద్దు. ఇద్దరికీ తేడా వస్తే కూర్చుని వాదించుకుందాం, నేను ఎటువైపుంటానో ఇప్పుడే చెప్పను.

పుస్తకం అన్నం తింటూ మాత్రం పట్టుకోకండి. వేసవిలో మీరు చదివి పెట్టిన ఇంకో దాంట్లో లూసీ మొహం మీద ఆవకాయ నూనె మరకుంది. ఎవరిదో నాకు తెలుసు.

మీ
తాతయ్య