నక్కలు, గుంటనక్కలు, మన పొలం గట్లు: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో వన్యప్రాణుల ప్రస్తావన వస్తే అందరి చూపూ శేషాచలం కొండలవైపే పోతుంది. 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం అక్కడే ఉన్నాయి కనుక అందులో వింత లేదు. నక్కల లెక్క మాత్రం వేరు. చంద్రగిరి నుంచి పాకాల, పూతలపట్టు వరకు, ఇటు రేణిగుంట నుంచి ఏర్పేడు వరకు పరుచుకొని ఉన్న బీళ్ళు, చెరువు కట్టలు, వంకల ఒడ్లు, మామిడి తోటల అంచులు వాటికి పుట్టిల్లూ మెట్టినిల్లూ కూడా. ఈ జంతువులను గమనించడం, వాటి జాడలను నమోదు చేయడం, ఊళ్ళనుంచి ఫిర్యాదు వచ్చినప్పుడు వెళ్ళి చూడడం నా పని. ఆ పనిలో తరచుగా ఎదురయ్యే నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను. వాటిలో ఎక్కువ భాగం, పొలం పక్కన కనబడిన జంతువు అడవినుంచి వచ్చి పడిందన్న ఒకే పొరపాటు భావనకు కొమ్మలని నా అభిప్రాయం.

అపోహ: గుంటనక్క అంటే ఇంకా ఎదగని నక్క.

ఇవి రెండు వేర్వేరు జాతులు. నక్క సుమారు 8 నుంచి 10 కిలోలు తూగుతుంది, నాటు కుక్కంత ఉంటుంది, పొడుగు కాళ్ళతో కుదురుగా పరుగెత్తుతుంది. గుంటనక్క 2 నుంచి 3 కిలోలకు మించడం అరుదు, అంటే పెద్ద పిల్లికంటే అంత బరువైనదేమీ కాదు. తోక కొన నల్లగా ఉంటే గుంటనక్క అని చాలామంది గుర్తు చెబుతారు కానీ ఆ నలుపు రెండింటికీ ఉంటుంది కనుక అది ఆనవాలుగా పనికిరాదు. చూడవలసింది తోక పొడవును. గుంటనక్క తోక దాని ఒంటి పొడవులో సగానికి మించి, కుచ్చుగా, దాదాపు నేలను తాకుతూ ఉంటుంది. నక్క తోక పొట్టిది. మూతి సన్నగా, చెవులు ముఖానికి మించిన పెద్దవిగా కనిపిస్తే అది గుంటనక్కే. ఈ తేడా తెలియకపోవడం వల్ల 2 కిలోల జంతువుమీద మేకను ఎత్తుకుపోయిన నేరం పడుతోంది.

అపోహ: ఊరి దగ్గర కనిపించినది దారి తప్పి వచ్చినది, పట్టి కొండమీద వదిలేస్తే దానికీ మనకూ మంచిది.

గుంటనక్క దట్టమైన అడవి జంతువు కాదు. పొట్టి గడ్డి, ముళ్ళ పొదలు, ఎటు చూసినా కనుచూపు మేర తెరిపి ఉన్న నేల దానికి కావాలి. ఒక జంట తనకంటూ ఒక హద్దు ఏర్పరచుకొని, అందులో నాలుగైదు బొరియలను వంతులవారీగా వాడుకుంటుంది. అలాంటిదాన్ని పట్టి శేషాచలం లోయలో వదిలితే దానికి దాక్కొనే బొరియ తెలియదు, మేత దొరికే చోటు తెలియదు, పైగా చిరుతలూ రేచుకుక్కలూ తిరిగే చోట దాని ఆయుష్షు ఎంతో చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు. ఖాళీ అయిన ఈ బీటిలోకి కొన్నాళ్ళకు మరో జంట వస్తుంది.

పెద్ద జంతువుల విషయంలో ఈ పద్ధతి ప్రమాదకరమని లెక్కలతో తేలింది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో పట్టిన చిరుతలను దగ్గరి అడవుల్లో వదిలిన కార్యక్రమాన్ని వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం అధ్యయనం చేసి 2011లో ఫలితాలు ప్రచురించింది. అంతకుముందు మనుషులపై ఏటా సగటున 4 దాడులు జరుగుతుండగా, చిరుతలను తెచ్చి వదలడం మొదలైన తర్వాత ఆ సగటు 17కు చేరింది. బోను పెట్టమని అధికారులపై ఒత్తిడి తెచ్చే పెద్దలు ఈ రెండు అంకెలనూ ఒకసారి చూడాలి.

అపోహ: దొడ్లో మేకపిల్ల పోయిందంటే అది నక్క పనే.

గుంటనక్క ముఖ్యమైన ఆహారం చెదలు, మిడతలు, పేడపురుగులు, ఎండ్రకాయలు, ఎలుకలు, తొండలు, నేలమీద పెట్టిన పక్షి గుడ్లు, కాలాన్నిబట్టి రేగు, నేరేడు, వేప పండ్లు. దాని మలంలో పురుగుల రెక్కల ముక్కలు, పండ్ల గింజలు విడిగా కనిపిస్తాయి. మేకను చంపే శక్తి దానికి లేదు. కాపలా లేని కోడిపిల్లను ఎత్తుకుపోవచ్చు. నక్క సంగతి కొంత వేరు. అప్పుడే పుట్టిన మేకపిల్లనో గొర్రెపిల్లనో అది తీసుకుపోగలదు, తీసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి, దాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. అయితే నక్క తిన్న ప్రతి కళేబరమూ నక్క చంపినది కాదు. మనది పాడి జిల్లా. చచ్చిన దూడలను వంకలో పారవేసే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. తెల్లవారి ఆ దూడ దగ్గర నక్కను చూసినవాడు దాన్ని హంతకుడిగా చెప్పుకుంటాడు.

ఫిర్యాదు వచ్చినచోట నేను మొదట గాట్లు చూస్తాను. చర్మం ఒలిచినప్పుడు పంటి గాట్ల చుట్టూ కండలో రక్తం కమిలి గడ్డకట్టి ఉంటే ఆ కాటు ప్రాణం ఉండగా పడినట్టు. గాట్లు ఉండి కమిలిన జాడ లేకపోతే చచ్చిన తర్వాత తిన్నట్టు. ఒకే రాత్రి దొడ్లో అయిదారు జీవాలు తొడలు, చెవులు, పొట్టలు చీరిపోయి పడి ఉండి, తిన్నది కొంచెమే అయితే అది సాధారణంగా ఊరకుక్కల గుంపు చేసిన పని. గొంతుమీద లోతైన గాట్లు పడి, కళేబరాన్ని ఈడ్చుకుపోయిన చార ఉంటే చిరుతను అనుమానించాలి. అడుగుల విషయానికి వస్తే, నక్క ముందుకాలి జాడలో నడిమి రెండు వేళ్ళ మెత్తలు అడుగున కలిసి ఉంటాయి, కుక్క జాడలో విడివిడిగా ఉంటాయి. చెరువు ఒడ్డున తడి మట్టిలో దీన్ని ఎవరైనా పోల్చుకోవచ్చు. ఇవేవీ చూడకుండా బొరియలో పొగ పెట్టడం వల్ల చచ్చేది ఎలుకలను తినే జంతువు, మిగిలేది మేకలను చంపిన కుక్కల గుంపు.

కోళ్ళ దొంగల జాబితాలో అడవిపిల్లి, ముంగిస, పునుగుపిల్లి కూడా ఉంటాయి. శుక్రవారం అభిషేకంలో శ్రీవారికి పునుగు తైలం అద్దుతారని గౌరవంగా చెప్పుకునే ఇంట్లోనే ఆ పిల్లికి కర్ర సిద్ధంగా ఉంటుంది. వీటన్నింటికీ ఒకటే ఉపాయం పనిచేస్తుంది. గూటికి అన్ని వైపులా, కింద కూడా, సన్న కన్నుల ఇనుప జల్లెడ బిగించి చీకటి పడకముందే కోళ్ళను మూసివేయాలి. కోళ్ళ ఫారాలవారు చచ్చిన కోళ్ళను బయట విసరకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

అపోహ: నక్క ఊళ వేస్తే ఊళ్ళో చావు వస్తుంది.

సందెవేళ ఒక కుటుంబం గొంతెత్తితే పక్క హద్దులోని కుటుంబం జవాబిస్తుంది; ఎవరి చోటు ఎవరిదో చాటుకోవడానికీ, విడిపోయినవి కలుసుకోవడానికీ అవి ఇలా కూస్తాయి. చలికాలంలో జతకట్టే రోజులు కనుక కూత ఎక్కువగా వినబడుతుంది.

అపోహ: నక్క కొమ్ము ఇంట్లో ఉంటే సిరి కలుగుతుంది.

నక్కకు కొమ్ము లేదు. కుక్కల కుటుంబంలో ఏ జంతువుకూ లేదు. కుంకుమ భరిణెలో పెట్టి రహస్యంగా అమ్మేది ఏదో ఒక జంతువు చర్మాన్నీ వెంట్రుకలనూ ఎముకనూ మలిచి తయారుచేసిన వస్తువు. కొన్నవారు మోసపోవడంతో పని ముగియదు, చట్టానికి కూడా దొరుకుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నక్క మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువును వేటాడితే 3 సంవత్సరాలకు తగ్గకుండా 7 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. చంపడమే వేట అనుకోకూడదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర చూపడం, తరమడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తాయి. గుంటనక్క కూడా ఈ చట్టం రక్షణలో ఉన్నదే.

అపోహ: పగటిపూట తిరిగే నక్కకు పిచ్చి పట్టినట్టే.

పిల్లలకు మేత తేవలసిన కాలంలోనూ, మబ్బు పట్టిన రోజుల్లోనూ, చలి ఉదయాల్లోనూ నక్కలు పగలు తిరగడం మామూలే. మనిషిని చూడగానే ఆగి, చూసి, పక్కకు తప్పుకున్నది ఆరోగ్యంగా ఉన్న జంతువు. తూలుతూ నడవడం, చొంగ కార్చడం, మనిషినీ పశువునూ లెక్కచేయకుండా మీదికి రావడం జబ్బు లక్షణాలు. అప్పుడు దగ్గరికి పోకుండా అటవీశాఖకు తెలపాలి.

అయితే జబ్బు ఎటునుంచి ఎటు పోతోందన్నది కూడా చెప్పుకోవాలి. మన దేశంలో మనుషులకు రేబిస్ సోకేది అత్యధికంగా కుక్కకాటు వల్ల. గుంటనక్కలను పీడించే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఊరకుక్కలలో విస్తారంగా ఉంటుంది. మహారాష్ట్రలోని నన్నజ్ పచ్చిక భూముల్లో వన్యప్రాణి పరిశోధకుడు అబి తమీమ్ వనక్, ఆయన సహచరులు జరిపిన పరిశీలనల్లో, కుక్కలు ఉన్నచోట గుంటనక్కలు మేత వదిలి తప్పుకుంటున్నట్టు తేలింది. ఊరకుక్కలకు టీకాలు వేయించడం గుంటనక్కకు చేసే మేలు కూడా అవుతుంది.

కాటు పడితే అది ఏ జంతువుదైనా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోపలికి ఇచ్చే టీకాను మొదటి రోజున మొదలుపెట్టి, ఆ తర్వాత 3, 7, 28వ రోజులలో వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాల మందు) కూడా అవసరమవుతుంది.

అపోహ: బొరియ దగ్గర ఒంటరిగా కనబడిన పిల్లలు తల్లి లేనివి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వీటి గురించే. మామిడి తోటలో పాదులు తవ్వేటప్పుడో, ఇళ్ళ స్థలాలకు బీడును చదునుచేసేటప్పుడో బొరియ బయటపడుతుంది. లోపల బూడిదరంగు పిల్లలు కనిపిస్తాయి. జాలిపడి ఎవరో అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తారు. గుంటనక్క 50 రోజులకు కాస్త పైన చూలు మోసి సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలను పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాటిని సాకుతాయి. పగలంతా పిల్లలు విడిగా ఉన్నంతమాత్రాన వాటిని వదిలేసినట్టు కాదు. మనుషులు దగ్గరలో మెసలుతున్నంతసేపూ పెద్దవి రావు, మనం కనుమరుగైతే వస్తాయి. యంత్రాన్ని ఆ మూలనుంచి ఒకటి రెండు రోజులు తప్పిస్తే తల్లి ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకొని తన మరో బొరియకు మార్చుకుంటుంది. పాలసీసాతో పెరిగిన పిల్ల తిరిగి బీటిలో బతకడం చాలా కష్టం, పైగా దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. తల్లి చచ్చి పడి ఉండడం కళ్ళారా చూసినప్పుడు, పిల్లకు గాయమైనప్పుడు మాత్రమే చేయి పెట్టవలసి వస్తుంది. అదీ అటవీశాఖకు అప్పగించడానికే.

అపోహ: మిగిలిన అన్నం పెట్టడం జీవకారుణ్యం.

అలిపిరి నడకదారి దీనికి సరైన పాఠం. 3,550 మెట్ల ఆ దారిలో భక్తులు జింకలకూ కోతులకూ పెట్టే పండ్లు, పారవేసే ఆహారం అటవీ జంతువులను మెట్ల అంచుకు రప్పిస్తాయి. పందులూ కుక్కలూ జింకలూ పోగైన చోటికి వాటిని తినే జంతువు కూడా వస్తుంది. 2023 ఆగస్టులో ఆ దారిలో ఒక చిన్నారి చిరుత దాడిలో మరణించిన తర్వాత, మధ్యాహ్నం 2 గంటలు దాటాక చిన్న పిల్లలను ఆ దారిలో అనుమతించకుండా దేవస్థానం ఆంక్షలు పెట్టింది. మెట్లమీద పులిహోర పొట్లం విప్పి జింకను పిలిచే భక్తుడు పుణ్యం అనుకుంటున్నది ఎవరికి పుణ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొలాల దగ్గర సంగతి కూడా ఇంతే. పెరట్లో మాంసం ముక్కలకు అలవాటుపడిన నక్క మనుషులంటే జంకు పోగొట్టుకుంటుంది, ఊరకుక్కలతో కలబడుతుంది, చివరికి రోడ్డుమీద వాహనం కింద పడుతుంది.

అపోహ: నక్కలు పంటను నాశనం చేస్తాయి.

పుచ్చ, చెరకు, మొక్కజొన్న, వేరుశనగలను నక్కలు కొంత కొరుకుతాయన్నది నిజం. కానీ మడిని దున్నినట్టు చేసేవి అడవిపందులు. వాటికోసం పెట్టే కరెంటు తీగలు, నాటు బాంబులు, తీగ ఉచ్చులు ఏ జంతువు వస్తోందో చూడలేవు. కొవ్వు పూసిన నాటు బాంబును నక్క కొరుకుతుంది, ఆవు కొరుకుతుంది. తీగకు తగిలి రైతులే చనిపోయిన ఉదంతాలు ఉన్నాయి.

అపోహ: దగ్గరికి వెళ్తేనే బాగా చూడగలం.

మామూలు బైనాక్యులర్ ఉంటే బొరియకు వంద మీటర్ల దూరంలో, గాలి మనవైపు వీచే దిక్కున, గట్టు చాటున కూర్చుంటే చాలు. పొద్దు పొడవక ముందే వెళ్ళి కూర్చోవాలి. జంతువు వచ్చాక లేచి తిరగకూడదు. పిల్లలున్న బొరియమీద టార్చి వేయడం, ఫోన్లో ఊళ వినిపించి జవాబు రాబట్టడం, పైన డ్రోన్ ఎగరవేయడం పూర్తిగా మానాలి, ఎందుకంటే ఒకసారి బెదిరిన జంట పిల్లలను కళ్ళు తెరవకముందే మరోచోటికి మోయవలసి వస్తుంది. తీసిన ఫొటోను వాట్సాప్ బృందంలో పెట్టేటప్పుడు ఊరిపేరు, లొకేషన్ తీసివేసి, వెనక కనబడే గుడి గోపురమో సెల్ టవరో ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి పెట్టండి. కుక్కలతో వేటకు వచ్చేవారు కూడా ఆ బృందాల్లో ఉంటారు.