నేలలోకి దూరే నదులు: ఉత్తర ఫ్లోరిడాలో ఒక గుహ, ఒక బుగ్గ, ఒక కోట

1865 మార్చి మొదటి వారం. అమెరికా అంతర్యుద్ధం ముగింపుకి వచ్చింది. ఫ్లోరిడా రాజధాని ట్యాలహాసీకి దక్షిణాన, సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్ దగ్గర యూనియన్, అంటే ఉత్తరాది పక్షపు సైన్యం ఓడలు దిగింది. సెయింట్ మార్క్స్ నది దాటితేనే ముందుకు పోగలరు. న్యూపోర్ట్ అనే ఊరి దగ్గర దాటాలనుకున్నారు కానీ అక్కడి వంతెనను కాన్ఫెడరేట్లు, అంటే బానిసత్వం ఉండాలన్న దక్షిణాది పక్షంవాళ్ళు, ముందే తగలబెట్టేశారు. ఇక మిగిలింది ఎగువన ఉన్న నేచురల్ బ్రిడ్జ్. ఆ వంతెనను ఎవరూ కట్టలేదు. సెయింట్ మార్క్స్ నది అక్కడ ఒక గుంటలోకి దిగి కనిపించకుండా పోతుంది, కొంతదూరం భూమి కింద పారి మళ్ళీ పైకి వస్తుంది. నది లేని ఆ జాగాలో మనుషులూ బండ్లూ తడవకుండా అవతలికి పోవచ్చు.

ఈ సంగతి అవతలి పక్షానికీ తెలుసు. 6వ తేదీ తెల్లవారేసరికి వాళ్ళు అక్కడ కాపు కాసి ఉన్నారు. యూనియన్ తరఫున పోరాడింది ముఖ్యంగా నల్లజాతి సైనికుల దళాలు, 2వ, 99వ రెజిమెంట్లు. ఎన్నిసార్లు ముందుకు దూకినా ఆ ఇరుకు దారి దాటలేకపోయారు. వాళ్ళలో 21 మంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు. నదికి ఆ చోట రెండు ఒడ్డుల మధ్య అంత సన్నని నేల కాకుండా ఇంకాస్త వెడల్పు ఉండుంటే ఆ రోజు ఇంకోలా ముగిసేదేమో. ఇప్పుడది నేచురల్ బ్రిడ్జ్ యుద్ధక్షేత్ర స్టేట్ పార్క్. ట్యాలహాసీని కాపాడుకున్న గెలుపుగా ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. బానిసత్వం పోవాలని పోరాడినవాళ్ళు నేలకొరిగిన చోటు అని కూడా చెప్పాలి. రెండు నెలలు దాటగానే నగరం యూనియన్ చేతికి వచ్చింది, మే 20న అక్కడ బానిసల విముక్తి ప్రకటన చదివారు.

ఉత్తర ఫ్లోరిడా స్టేట్ పార్కులకి వెళ్ళే మనవాళ్ళు చాలామంది అక్కడి చోట్లని విడివిడిగా చూసి వస్తారు. పిల్లల కోసం గుహ, ఈతకీ పడవ షికారుకీ నేలలోంచి నీరు ఊరే బుగ్గ, టైమ్ మిగిలితే కోట. నిజానికి ఈ మూడూ ఒకే రాయి, ఒకే నీటి పని. ఆ సంబంధం తెలిసి వెళ్తే ఒక రోజు ప్రయాణంలోనే కనిపించేది చాలా ఉంటుంది.

రాయి సున్నపురాయి. కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా లోతు తక్కువైన వెచ్చటి సముద్రం. గవ్వలు, పగడాలు, కంటికి ఆనని ఏకకణ జీవుల గుల్లలు అడుగున పేరుకుని గట్టిపడ్డాయి. ఆ రాయి మీద వాన పడితే జరిగేది చాలా మామూలు రసాయన చర్య. చినుకు గాలిలోంచి కొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది. అసలు మోతాదు నేలలో దొరుకుతుంది, ఎందుకంటే వేర్లు, సూక్ష్మజీవులు వదిలే ఆ వాయువు మట్టి సందుల్లో పైగాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. అలా నీరు బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ని అది కొంచెం కొంచెంగా కరిగించి తనతో తీసుకుపోతుంది. ముందు పగుళ్ళు వెడల్పవుతాయి, తర్వాత సొరంగాలవుతాయి. పైకప్పు కూలిన చోట నేల గుంటపడుతుంది, దాన్నే సింక్‌హోల్ అంటారు. నది ఆ గుంటల్లోకి దిగిపోతుంది, ఇంకోచోట బుగ్గగా పైకి వస్తుంది. ఇలాంటి నేలకి భూగర్భ శాస్త్రంలో కార్స్ట్ అని పేరు.

తెలుగువాళ్ళకి ఇది కొత్త నేల కాదు. నంద్యాల జిల్లాలో నాపరాళ్ళు తీసే కొలిమిగుండ్ల పక్కనే బెలుం గుహలున్నాయి, కొద్ది దూరంలో ఏడాదంతా నీళ్ళుండే యాగంటి కోనేరు ఉంది. అడుగున వేసిన నాణెం కూడా కనిపించే మహానంది కోనేరూ ఆ జిల్లాదే. బెలుం గురించి 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళకి, 1980లలో, జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అయితే అక్కడి రాయికీ ఫ్లోరిడా రాయికీ తేడా ఉంది. బెలుం సున్నపురాయి ఎంతో పాతది, గట్టిది, నీరు దాని పగుళ్ళ వెంట మాత్రమే పోతుంది. ఫ్లోరిడా రాయి వయసులో చిన్నది, లోపలంతా సన్నటి రంధ్రాలు. అందుకే అది కిందనున్న నీటిని ఎంతో పట్టి ఉంచుతుంది. ఆ నీటి పొరే ఫ్లోరిడన్ ఆక్విఫర్, ప్రపంచంలో ఎక్కువ నీరిచ్చే భూగర్భ జలాశయాల్లో ఒకటి.

మేరియానా ఊరి పక్కనున్న ఫ్లోరిడా కావెర్న్స్ స్టేట్ పార్క్‌తో మొదలుపెట్టడం మంచిది. ఫ్లోరిడాలో చాలా గుహలు నీటితో నిండి ఉంటాయి. గైడ్ వెంట నడుస్తూ చూడగలిగే పొడి గుహ ఉన్న స్టేట్ పార్క్ ఆ రాష్ట్రంలో ఇదొక్కటే. అట్లాంటా నుంచి పనామా సిటీ బీచ్‌కి వెళ్ళే తెలుగు కుటుంబాలకి ఇది దాదాపు దారిలోనే పడుతుంది, కానీ కారు ఆపేవాళ్ళు తక్కువ. 1937లో ఒక పెద్ద చెట్టు గాలికి వేళ్ళతో సహా పడిపోయినప్పుడు ఆ గుంటలోంచి ఈ గుహ బయటపడింది. అవి ఆర్థిక మాంద్యం రోజులు. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో మొదలుపెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం కింద పనిలేని కుర్రాళ్ళకి నెలకి 30 డాలర్లు ఇచ్చేవారు, అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేవారు. ఆ కుర్రాళ్ళే చేతి పనిముట్లతో గుహలోని మట్టిని తవ్వి, మనిషి నిటారుగా నడిచేంత దారి చేశారు. 1942లో పార్క్ జనానికి తెరుచుకుంది. ఇవాళ మనం నడిచే మెట్లూ మలుపులూ వాళ్ళ చెమటే. గైడ్ వాళ్ళ గురించి చెబుతున్నప్పుడు ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటూ ఉండిపోకండి.

లోపల వేడి ఏడాదంతా 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బయటి ఎండా చలీ అంత లోపలికి చేరవు, రాయి ఏడాది సగటు వేడినే పట్టి ఉంచుతుంది. పైకప్పు నుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేలనుంచి లేచేవి స్టాలగ్మైట్లు, రెండూ కలిస్తే స్తంభం. కొన్ని చోట్ల మడతలు పడ్డ పల్చటి చీర అంచులా రాతి తెరలుంటాయి. ఇదంతా కరిగించే పనికి తిరుగు ప్రయాణం. సున్నం కలుపుకుని వచ్చిన చుక్క గుహ పైకప్పుకి చేరగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ గుహ గాలిలోకి పోతుంది, ఇక సున్నాన్ని పట్టి ఉంచే శక్తి నీటికి ఉండదు, అది రాయిగా మిగిలిపోతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడమూ ఇదే చర్య. చేతితో తాకొద్దని గైడ్ పదేపదే చెప్పేది ఇందుకే: మన చర్మం మీది నూనె అంటుకుంటే కొత్త సున్నం అక్కడ సరిగ్గా పట్టదు. గోడలని టార్చి వెలుగులో దగ్గరగా చూస్తే సముద్రపు గవ్వల అచ్చులు కనిపిస్తాయి. స్టాలక్టైట్ల కన్నా నాకు అవే ఎక్కువ నచ్చాయి. సముద్రం లేని చోట, నేల కింద నిలబడి సముద్రపు అడుగుని చూడటం మాటలు కాదు.

ఈ పార్కులోనే చిపోలా నది కూడా కొంతదూరం భూమిలోకి దూరుతుంది. 1818లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ సైన్యం ఇటుగా పోయినప్పుడు సగం మంది తెలియకుండానే ఆ సహజ వంతెన మీదుగా నది దాటేశారనీ, మిగతావాళ్ళు తెప్పలు కట్టుకుని అవస్థపడ్డారనీ ఇక్కడ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా నది మాయమవడం మాత్రం కళ్ళారా చూడొచ్చు. ఇంకొక మాట. 2018 అక్టోబర్‌లో మైఖేల్ హరికేన్ ఇటుగా వచ్చి పార్కులోని పెద్ద చెట్లని చాలావరకు నేలకూల్చింది. పాత ఫోటోల్లోని దట్టమైన నీడ ఇప్పుడు ఉండదు, అడవి మళ్ళీ మొదటినుంచి పెరుగుతోంది.

ఇక వకల్లా స్ప్రింగ్స్. ట్యాలహాసీ నుంచి దక్షిణంగా పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. అమెరికాలో బుగ్గలని అవి ఇచ్చే నీటిని బట్టి తరగతులుగా విభజిస్తారు. మొదటి తరగతిలో చేరాలంటే సెకనుకి 100 ఘనపుటడుగులు, అంటే 2,800 లీటర్లకి పైగా రావాలి. రోజుకి లెక్కేస్తే 24 కోట్ల లీటర్లు. వకల్లా సగటున దీనికి కొన్ని రెట్లు ఇస్తుంది. నీరు ఏడాదంతా 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, చలికాలంలో సముద్రం చల్లబడినప్పుడు మనాటీలు అనే పెద్ద నీటి క్షీరదాలు నదిలో ఎదురెక్కి ఇక్కడికి వచ్చి చేరతాయి. పడవ ఎక్కితే మొసలి జాతి ఆలిగేటర్లు, కొంగలు, నీటిలో నిలబడ్డ సైప్రస్ చెట్లు చాలా దగ్గరగా కనిపిస్తాయి. ఈతకి ఒక చోట హద్దు గీసి ఉంచారు, ఆ హద్దు దాటకూడదు. 1930లో ఈ బుగ్గ అడుగునుంచి ఏనుగు జాతికి చెందిన మాస్టొడాన్ ఎముకలు వెలికితీశారు. దాని అస్థిపంజరం ట్యాలహాసీలోని ఫ్లోరిడా చరిత్ర మ్యూజియంలో నిలబెట్టి ఉంది, పిల్లలుంటే తప్పకుండా చూపించండి. మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా 100 మీటర్లకి పైగా దిగువన ఉండేది, భూమిలోని నీటిమట్టమూ దానితోపాటే దిగింది. ఇప్పుడు నీట మునిగిన చాలా చోట్లు అప్పట్లో జంతువులు తిరిగిన నేల.

బుగ్గ నోరు కింద సొరంగాల వ్యవస్థ ఉంది. 90 మీటర్ల దాకా లోతు, చిమ్మచీకటి, పైకి వెంటనే రావడానికి వీల్లేని చోటు. అంత లోతునుంచి తొందరగా పైకొస్తే రక్తంలో కరిగిన వాయువు బుడగలై ప్రాణం తీస్తుంది, అందుకే డైవర్లు పైకి రావడానికే గంటలకొద్దీ ఆగి ఆగి రావాలి. అలాంటి చోట కొందరు దశాబ్దాలపాటు ఈదుతూ, దారి పొడవునా తాడు కట్టుకుంటూ మ్యాప్ గీశారు. 2007లో ఇక్కడి సొరంగాలూ, ఉత్తరాన ఉన్న లియోన్ సింక్స్ గుంటల కింది సొరంగాలూ ఒకటేనని ఈది మరీ తేల్చారు. అమెరికాలో తెలిసిన నీటి కింది గుహల్లో అన్నిటికన్నా పొడవైనది అదే. వాళ్ళ పనిని సాహసంగా మాత్రమే చూడటం నాకు అన్యాయమనిపిస్తుంది. ఎక్కడ పడ్డ నీరు ఎక్కడ తేలుతుందో వాళ్ళ మ్యాపుల వల్లే తెలిసింది.

మనిషి ఈదలేని చోట రంగు పనిచేస్తుంది. సింక్‌హోల్‌లో హాని చేయని మెరిసే రంగు కలిపి, దూరంలో ఉన్న బుగ్గల దగ్గర అది ఎన్నాళ్ళకి తేలుతుందో చూస్తారు. ట్యాలహాసీ నగరం శుద్ధిచేసిన మురుగునీటిని ఊరి దక్షిణాన పొలాల మీద చల్లేది. ఆ నీటిలో రంగు కలిపి చూస్తే అది మైళ్ళ దూరంలో ఉన్న వకల్లాలో కనిపించింది. మామూలు నేలలో అయితే మట్టి పొరలు నీటిని వడకడతాయి. కార్స్ట్ నేలలో నీరు సొరంగాల వెంట పరుగెడుతుంది, వడకట్టే తీరిక దానికి ఉండదు.

బుగ్గనుంచి పుట్టిన వకల్లా నది పదిహేను కిలోమీటర్లలోపే సెయింట్ మార్క్స్ నదిని కలుస్తుంది. ఆ సంగమంలో సాన్ మార్కోస్ డి అపలాచీ కోట ఉంది. చూడటానికి గంట చాలు. 1528లో స్పెయిన్ నుంచి వచ్చిన నర్వాయెజ్ దళం ఈ తీరానికే చేరి, గుర్రాలని కోసుకుని తిని, పడవలు కట్టుకుని బయల్దేరింది. ఆ దండయాత్రలో చివరికి బతికి మెక్సికో చేరింది నలుగురు. 1679లో స్పానిష్‌వాళ్ళు ఇక్కడ కర్రకోట కట్టారు, 1739లో రాతికోట మొదలుపెట్టారు. 1818లో దాన్ని జాక్సన్ పట్టుకున్నాడు, మూడేళ్ళకి ఫ్లోరిడా అమెరికా చేతికి వచ్చింది. తర్వాత కోట రాళ్ళు తీసి, ఎల్లో ఫీవర్ రోగుల కోసం ఆసుపత్రి కట్టారు. ఇప్పటి చిన్న మ్యూజియం ఆ ఆసుపత్రి పునాదుల మీదే ఉంది.

నేచురల్ బ్రిడ్జ్‌తో కలిపి ఒక్కరోజులో నాలుగూ చూడాలంటే పొద్దున్నే మేరియానా గుహతో మొదలుపెట్టి తూర్పుకి రావాలి. టికెట్ ముందే తీసుకోండి, టూర్‌కి కొద్దిమందినే పంపుతారు. మేరియానా గడియారం ట్యాలహాసీ కన్నా గంట వెనక నడుస్తుంది కాబట్టి తూర్పుకి వస్తుంటే మీ రోజులో గంట తగ్గిపోతుంది. అది లెక్కలోకి తీసుకోకపోతే చివరి పడవ తప్పుతుంది. తీరిక ఉంటే ట్యాలహాసీలో రాత్రి ఆగి, బుగ్గని మర్నాడు ఉదయం చూడటం నా సలహా.

వకల్లాలో ఒకప్పుడు అద్దపు అడుగున్న పడవల్లోంచి బుగ్గ లోతంతా కనిపించేది. ఇప్పుడు అలాంటి తేట రోజులు అరుదు. చిత్తడి అడవుల ఆకుల రంగు వానతోపాటు సింక్‌హోల్స్‌లోకి దిగి నీటిని టీ డికాషన్ రంగులోకి మారుస్తుంది, దానికి నాచు తోడవుతోంది. నగరం పెద్దమొత్తం ఖర్చుపెట్టి శుద్ధి కేంద్రాన్ని బాగుచేసుకున్నాక బుగ్గలో, నాచుని పెంచే నైట్రేట్ బాగా తగ్గింది. మిగిలిన నైట్రేట్‌లో ఎక్కువభాగం ఇళ్ళ వెనక ఉన్న సెప్టిక్ ట్యాంకులదని తేలింది. అందుకని బుగ్గకి నీరు చేరే ప్రాంతంలో ఇళ్ళని ఇప్పుడు మురుగు పైపులకి కలుపుతున్నారు.