పెర్ఫార్మెన్స్ ఇంజన్ రీబిల్డ్: పార్టుల మీద, మెషిన్ పని మీద అపోహలు - వాస్తవాలు

ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. విప్పిన ఇంజన్ బల్ల మీద పరిచాక బండి ఓనరు మొదట అడిగేది "ఏ కంపెనీ పిస్టన్లు వేద్దాం?" అని. మంచి ప్రశ్నే. కానీ పేరున్న పార్టులు వేసిన ఇంజన్లు కూడా పట్టేయడం చూస్తూనే ఉన్నాం. పార్టుకి సరిపడా మెషిన్ పని జరగకపోవడమే చాలాసార్లు కారణం. పార్టు, పని రెండూ కలిపి ఎంచుకోవాలి. తరచుగా వినే మాటలు కొన్ని, వాటి మీద నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: ఫోర్జ్డ్ పిస్టన్లు వేస్తే ఇక దిగుల్లేదు.

ఫోర్జ్డ్ (లోహాన్ని గట్టి ఒత్తిడితో నొక్కి చేసినవి) అన్నవన్నీ ఒకటి కావు. ఎక్కువగా వాడేవి 4032, 2618 అనే రెండు అల్యూమినియం మిశ్రమాలు. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. వేడికి తక్కువ సాగుతుంది కాబట్టి బోర్‌లో (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రంలో) తక్కువ క్లియరెన్స్, అంటే సందు, చాలు. రోజూ నడిపే బండికి ఇది హాయి. 2618లో సిలికాన్ బాగా తక్కువ. అది మెత్తగా ఉండి దెబ్బని ఓర్చుకుంటుంది, డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) వచ్చినా అంత తొందరగా పగలదు. అందుకే ఎక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెట్టే టర్బో ఇంజన్లలో దాన్నే వేస్తారు. కాకపోతే వేడెక్కితే ఎక్కువ ఉబ్బుతుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ సందు వదలాలి. దాంతో పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకమంటుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. ఆ చప్పుడు నచ్చక సందు తగ్గించి హోనింగ్ (బోర్‌ని రాయితో రుద్ది ఫైనల్ సైజుకి తేవడం) చేయిస్తే, ఫుల్ లోడ్ మీద పిస్టన్ బోర్‌ని గీరేస్తుంది. చప్పుడు వద్దనుకుంటే, మీ పవర్‌కి 4032 సరిపోతుందేమో ముందే చూసుకోండి.

అపోహ: బ్లాక్ ముందు బోర్ చేయించేద్దాం, పిస్టన్లు తర్వాత వస్తాయి.

పిస్టన్లు చేతికి రాకుండా బోర్ ఫైనల్ సైజుకి తీయించకండి. ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటాను అంటే ఇది గుర్తుంచుకోండి. పెట్టె మీద రాసిన సైజు ఆర్డర్ ఇవ్వడానికి పనికొస్తుంది, హోనింగ్‌కి కాదు. ప్రతి పిస్టన్నీ మైక్రోమీటర్‌తో కొలవాలి, అదీ కంపెనీ చెప్పిన చోటే. పిస్టన్ గుండ్రంగా, తిన్నగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం గోడ) పైన ఒక సైజు, కింద ఒక సైజు ఉంటుంది. కాస్త పైన కొలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. కొలతలకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 86 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే 10 డిగ్రీలకి క్యాస్ట్ ఐరన్ బోర్ పెరిగేది అందులో సగమే. మనం వదిలే మొత్తం సందే మిల్లీమీటరులో పదో వంతు లోపు, అందులో ఇది చిన్న తేడా కాదు. అందుకే బ్లాకునీ పిస్టన్లనీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి, పొద్దున కొలవడం మంచి అలవాటు.

ఇక టార్క్ ప్లేట్. హెడ్ బోల్టులు బిగించగానే బోర్ ఆకారం మారుతుంది. బోల్టు ఉన్న చోట గోడ లాగినట్టై బోర్ గుండ్రం చెడుతుంది. కాబట్టి హెడ్‌కి బదులు మందపాటి ప్లేటు పెట్టి, ఇంజన్‌లో వాడబోయే బోల్టులతోనే, అదే రకం గ్యాస్కెట్‌తో, అదే టార్క్‌కి బిగించి హోనింగ్ చేస్తారు. అప్పుడు ప్లేటు తీసేశాక బోర్ కొంచెం వంకరగా కనిపించినా, హెడ్ ఎక్కాక గుండ్రంగా వస్తుంది. మంచి షాపుని పట్టుకోవడానికి నేను చూసే గుర్తు ఇదే. బ్లాక్ దించగానే "పిస్టన్లు ఏవి? బోల్టులు, గ్యాస్కెట్ ఏవి?" అని అడిగే మనిషి దగ్గర పని చేయించండి. సిలిండర్‌కి పైన, మధ్య, కింద, రెండు దిక్కుల్లో కొలిచి కాగితం మీద రాసిమ్మనండి. తడబడితే బ్లాక్ వెనక్కి తెచ్చుకోండి.

అపోహ: బోర్ ఎంత పెద్దదైతే పవర్ అంత.

86 మిల్లీమీటర్ల బోర్‌ని 87 చేస్తే పిస్టన్ వైశాల్యం పెరిగేది 2.3 శాతం. దానికోసం సిలిండర్ గోడ పలచబడుతుంది, వంగుతుంది, రింగులు సరిగా ఆనవు. పెద్ద ఓవర్ సైజ్ వేసేముందు అల్ట్రాసోనిక్ మీటరుతో గోడ మందం చూడాలి. అరుగుదల పోవడానికి ఎంత కావాలో అంతే తీయించండి.

అపోహ: రింగ్ గ్యాప్ ఎంత తక్కువ ఉంటే కంప్రెషన్ అంత బాగుంటుంది.

గ్యాప్ అంటే రింగ్ రెండు కొనల మధ్య సందు. రింగ్ వేడికి పొడుగవుతుంది. రెండు కొనలూ కలిసిపోతే ఇంకెక్కడికీ పోలేక బోర్‌ని గీరుతుంది, ఆఖరికి పిస్టన్ మీద రింగ్ గాడి అంచునే ఊడబెరుకుతుంది. టర్బో లేని రోడ్డు బండికి పై రింగుకి వాడుకలో ఉన్న లెక్క, బోర్ సైజుని 0.004తో గుణించడం. 86 మిల్లీమీటర్లకి సుమారు 0.34 వస్తుంది. టర్బోకి, నైట్రస్‌కి (పవర్ కోసం ఇంజన్‌లోకి కొట్టే గ్యాస్) ఇంకా ఎక్కువ కావాలి, రింగుల కంపెనీ ఇచ్చిన పట్టిక చూడండి. రెండో రింగుకి గ్యాప్ కాస్త ఎక్కువే ఉంచమంటారు, రెండింటి మధ్య చిక్కిన గ్యాస్ పై రింగుని లేపకుండా బయటపడాలి కదా. ఏ రింగుని ఏ బోర్‌లో పెట్టి కొలిచారో ఆ రింగుని అక్కడే వేయాలి.

అపోహ: రాడ్ గట్టిదైతే చాలు, బోల్టులు ఏవైనా పర్లేదు.

ఆర్‌పీఎం పెరిగినకొద్దీ పిస్టన్ రాడ్‌ని (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీని) లాగే బలం ఆర్‌పీఎం స్క్వేర్ లెక్కన పెరుగుతుంది. 6000 నుంచి 7500కి వెళ్తే ఆర్‌పీఎం పెరిగింది నాలుగో వంతే, బలం మాత్రం 56 శాతం పెరిగింది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ ఆగి వెనక్కి తిరిగేటప్పుడు ఆ లాగుడంతా పడేది రాడ్ బోల్టుల మీదే. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి.

టార్క్ రెంచ్ క్లిక్‌మన్నా అయిపోయినట్టు కాదు. మనం పెట్టే టార్క్‌లో ఎక్కువ భాగం బోల్టు మర చుట్ల దగ్గర, తల కింద రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది కొంచెమే. అందుకే బోల్టు కంపెనీ చెప్పిన లూబ్రికెంటే రాయాలి, వీలైతే స్ట్రెచ్ గేజ్‌తో సాగుడు కొలవాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. కొత్త బోల్టులు వేస్తే బిగింపు మారుతుంది, దాంతో రాడ్ పెద్ద రంధ్రం ఆకారమూ మారుతుంది. దాన్ని మళ్లీ కొలిపించి, అవసరమైతే సైజు చేయించాలి. మెయిన్ క్యాపులకి (క్రాంక్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచేవి) బోల్టుల బదులు స్టడ్లు వేసినా అంతే, లైన్ హోనింగ్ (క్రాంక్ కూర్చునే రంధ్రాలన్నీ ఒకే వరసలో సరిచేయడం) అవసరమేమో చూపించుకోవాలి.

అపోహ: హై వాల్యూమ్ ఆయిల్ పంపు వేస్తే బేరింగులు భద్రం.

బేరింగ్ క్లియరెన్స్ సరిగ్గా ఉంటే మామూలు పంపు చాలు. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) సైజులో వెయ్యో వంతు, అంటే 50 మిల్లీమీటర్లకి 0.05, మొదలుపెట్టడానికి మంచి అంకె. పెద్ద పంపు తెచ్చే అదనపు నూనె చాలావరకు రిలీఫ్ వాల్వ్ గుండా వెనక్కే పోతుంది, పంపు తిప్పడానికి పవర్ ఖర్చవుతుంది. కావాలని క్లియరెన్స్ పెంచి కట్టిన ఇంజన్ సంగతి వేరు.

అపోహ: హెడ్ ఫేసింగ్ చేయిస్తే లీకు పోతుంది, అంతే.

ఫేసింగ్ అంటే హెడ్ అడుగు చదునుగా చెక్కడం. లోహం తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. పెద్ద క్యామ్ కూడా వేస్తుంటే మైనం ముద్ద పిస్టన్ మీద పెట్టి, ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పి, ముద్ద కోసి మందం చూడండి. ఇన్‌టేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 మిల్లీమీటర్లు మామూలుగా ఉంచే కనీసం. మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ వేస్తుంటే ఫేసింగ్ చాలా నునుపుగా రావాలి, ఆ సంగతి పని ఇచ్చేటప్పుడే చెప్పండి.

అపోహ: షాపులో కడిగే ఇస్తారు, ఇంటికొచ్చాక బిగించేయడమే.

హోనింగ్ రాయి పొడి బోర్ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలు, కిరోసిన్ నూనెని కడుగుతాయి గానీ ఆ పొడిని పైకి తీయవు. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్ కావాలి. ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు ఊడదీసి, ప్రతి రంధ్రంలోనూ పొడుగాటి బ్రష్ దూర్చి తోమాలి. ఆరాక తెల్ల గుడ్డకి కాస్త పల్చటి నూనె రాసి బోర్ తుడవండి. గుడ్డ బూడిద రంగుకి వస్తే మళ్లీ కడగాలి. నాలుగోసారైనా సరే, గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగి, వెంటనే నూనె పట్టించండి. తడి ఆరిన నిమిషాల్లోనే క్యాస్ట్ ఐరన్ మీద తుప్పు మొదలవుతుంది.