కరణంలో కనిపించని కదలిక

తంజావూరు బృహదీశ్వరాలయంలో నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలలో 81 మాత్రమే శిల్పాలుగా ఉన్నాయి. మిగిలిన 27 పలకలు చెక్కకుండానే ఉండిపోయాయి. చిదంబరం గోపురాలలోనైతే శిల్పాలతో పాటు శాస్త్ర శ్లోకాలను కూడా చెక్కించారు. ఇలాంటి శిల్పాలను చూసి కరణమంటే ఒక భంగిమ అనుకోవడం సహజమే గాని, ‘హస్తపాద సమాయోగో నృత్తస్య కరణం భవేత్’ అన్న నిర్వచనం చేతులూ కాళ్లూ కలిసి చేసే పనిని కరణమంటుంది. నిలిచే తీరు స్థానం, కాలి కదలిక చారి, చేతుల విన్యాసం నృత్తహస్తం. ఈ మూడింటి కలయికే కరణం.

మొదటి కరణమైన తలపుష్పపుటాన్నే చూద్దాం. చేతులు పువ్వులు పట్టిన దోసిలిలా ఎడమ పక్కకు వస్తాయి, పాదం మడమ ఎత్తి ముందుభాగం మీద ఆనుతుంది, నడుము పక్క కొద్దిగా వంగుతుంది. శ్లోకం ఇంతే చెబుతుంది. ఆ పాదం ఎక్కడినుంచి వచ్చింది, దాని మీది బరువు ఎప్పుడు రెండో కాలికి మారింది అన్నవి గురువు చేసి చూపవలసినవి.

నా దృష్టిలో నృత్త విశ్లేషణకు అసలు కీలకం ఈ బరువు మార్పిడే. రెండు కాళ్ల మీద నిలబడిన మనిషి కుడికాలు ఎత్తాలంటే, శరీర గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) ముందుగా ఎడమ పాదం వైపు జరగాలి. అందుకోసం ఎత్తబోయే కుడిపాదమే క్షణకాలం నేలను మరికాస్త గట్టిగా నొక్కుతుంది. చూసేవారికి ఇది కనబడదు, శిల్పానికి అసలే చిక్కదు.

మోకాళ్లు పక్కలకు తెరిచి, సగం కూర్చున్నట్టు నిలిచే అరమండిలో మడమలు దగ్గరగా ఉండటం వల్ల బరువు పక్కకు జరగవలసిన దూరం తగ్గుతుంది. కాళ్లు మార్చి మార్చి వేగంగా తట్టడానికి ఇది అనుకూలం. అయితే శరీరాన్ని ఆ ఎత్తులో నిలిపి ఉంచేందుకు తొడ ముందు కండరాలు ఎడతెగకుండా బిగిసి ఉండాలి. మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడం తుంటి కీలు తిరగడం వల్ల జరగాలి. అక్కడ చాలినంత తిరుగుడు లేనివారు పాదాలను మాత్రం బలవంతంగా తిప్పితే ఆ మెలి భారం మోకాలి మీద పడుతుంది.

1928లో నృత్య సిద్ధాంతకర్త రుడాల్ఫ్ లాబాన్ ప్రకటించిన నృత్యలిపి, అంటే కదలికలను గుర్తులతో రాసే పద్ధతి, ఈ బరువు మార్పిడిని పట్టించుకుంది. కింది నుంచి పైకి చదివే ఆ లిపిలో గుర్తు ఎంత పొడవుంటే కదలిక అంతసేపు సాగుతుంది. మధ్యలోని నిలువు గడులు శరీర భారాన్ని ఏ కాలు మోస్తోందో చూపుతాయి.

కూచిపూడి తరంగంలో బరువు మార్పిడి మరింత తేటగా తెలుస్తుంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచిన పాదాలు ఆ అంచులను వదలకూడదు కాబట్టి, పళ్లెంతో సహా ముందుకు సాగాలంటే నర్తకి తన బరువును ఒక పాదం నుంచి మరో పాదానికి మార్చుకుంటూ పోవలసిందే.