కిరాయి ఇల్లు, ఆదాయ పత్రాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో కిరాయి ఒప్పంద పత్రాలు రాయడం నా వృత్తి. ఇల్లు కుదిరిన సంతోషంలో అడిగినవీ అడగనివీ అన్నీ జిరాక్సు తీయించి ఓనరు చేతిలో పెట్టేవారిని తరచూ చూస్తున్నాను కనుక, ఎక్కువగా వినిపించే అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఆదాయం చూపాలంటే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఇవ్వక తప్పదు.

వాస్తవం: నెలనెలా కిరాయి కట్టగలరా లేదా అన్నది తెలిస్తే ఓనరుకు చాలు. స్టేట్‌మెంటులో మాత్రం ఏ ఆసుపత్రికి ఎంత కట్టారో, చిట్టీ ఎంతో, ఎవరి బాకీ తీరుస్తున్నారో కూడా కనిపిస్తుంది. ఒక నర్సు ఇచ్చిన స్టేట్‌మెంటు చూసిన ఓనరు ఇంటివారు, సంతానం కోసం ఆమె తీసుకుంటున్న చికిత్స గురించి ఆమెను మెట్ల మీద ఆపి మరీ అడిగారు. ఆ కాగితం ఇవ్వమని చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి; అప్పటి నుంచి ఎవరికీ ఆ సలహా ఇవ్వడం లేదు. పాన్, ఖాతా, పీఎఫ్ నంబర్లు కొట్టివేసిన మూడు నెలల జీతం చీటీలు గానీ, ఉద్యోగాన్నీ జీతాన్నీ ధ్రువీకరిస్తూ కార్యాలయం ఇచ్చిన ఒక లేఖ గానీ సరిపోతుంది. పొదుపుల వివరాలు, పన్ను మినహాయింపులు కూడా ఉండే ఫారం 16 (జీతంపై పన్ను కోతకు కార్యాలయం ఇచ్చే పత్రం) ఇవ్వనవసరం లేదు.

అపోహ: జీతం చీటీ లేనివారి దగ్గర రుజువు ఉండదు.

వాస్తవం: ఎనుమాముల మార్కెట్లో లెక్కలు రాసే గుమస్తాకూ, కాజీపేటలో కిరాణా దుకాణం నడిపేవారికీ జీతం చీటీ ఉండదు. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినవారికి దాని రసీదు ఒక్క పేజీయే చాలు. నన్ను అడిగితే, ఇంతకుముందున్న ఇంటికి ఏడాది పాటు తప్పకుండా కిరాయి చెల్లించినట్లు చూపే రసీదులను మించిన రుజువు లేదు, ఎందుకంటే ఓనరు అడిగే ప్రశ్నకు అవి నేరుగా జవాబు చెబుతాయి.

అపోహ: ఫోనులో నల్లగీత గీస్తే నంబరు దాగిపోతుంది.

వాస్తవం: కొన్ని ఫోన్లలోని మార్కరు గీత పూర్తిగా కప్పదు, వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. జిరాక్సు మీద పెన్నుతో కొట్టివేసి, దాన్ని మళ్లీ జిరాక్సు తీయించి, ఆ రెండో ప్రతిపై "ఇంటి కిరాయి నిమిత్తం మాత్రమే" అని రాసి తేదీ వేయడం మేలు.

అపోహ: ఆధార్ పూర్తి నంబరు ఇవ్వాల్సిందే.

వాస్తవం: 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు.

అపోహ: గోప్యత కిరాయిదారుకు మాత్రమే సంబంధించినది.

వాస్తవం: పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి కిరాయి భత్యం) మినహాయింపు కోరే ఉద్యోగి, ఏడాది కిరాయి లక్ష రూపాయలు దాటితే, ఓనరు పాన్‌ను తన కార్యాలయానికి ఇవ్వాలి. నెలకు 8,334 రూపాయలైనా ఆ పరిమితి దాటుతుంది. ఈ మాట అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పి, ఆ పాన్‌ను అంతకు మించి దేనికీ వాడబోమని ఒప్పందంలో ఒక వాక్యం రాయించడం ఇద్దరికీ మంచిది. బేరం కుదరకపోతే ఇచ్చిన జిరాక్సులను అదే రోజు వెనక్కి అడిగి తీసుకోవాలి.