చాక్లెట్, ఎండుఫలాల బార్లు: తేమ విషయంలో అపోహలు, వాస్తవాలు

ఇంట్లో చాక్లెట్, ఎండుఫలాల బార్లు (పిండిలో ఇవి కలిపి, ట్రేలో బేక్ చేసి, ముక్కలుగా కోసేవి) చేసుకోవడం నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. బార్లు సరిగా రాలేదని చెప్పేవారు చాక్లెట్ నాసిరకమనో, ఒవెన్ మంచిది కాదనో అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం నీరే. అది రాకూడని చోటికి వచ్చి ఉంటుంది, లేదా ఉండవలసిన చోట లేకుండా పోయి ఉంటుంది. కింద చెప్పే అపోహలన్నీ ఏదో ఒక విధంగా ఈ విషయానికి సంబంధించినవే.

అపోహ: కరిగిస్తుండగా ముద్దకట్టిన చాక్లెట్ మాడిపోయినట్టే, దాన్ని పారేయాలి.

వాస్తవం: మాడిన వాసన రానంతవరకు పారేయవలసిన అవసరం లేదు. కరిగిన చాక్లెట్ అంటే కోకో వెన్నలో, అంటే కోకో గింజల కొవ్వులో, చక్కెర, కోకో రేణువులు విడివిడిగా తేలుతున్న పదార్థం. అందులో ఒకటి రెండు నీటి చుక్కలు పడితే చక్కెర రేణువుల పైభాగం తడిసి, జిగురెక్కి, అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పటిదాకా నిగనిగలాడుతూ గరిటె మీంచి ధారగా జారిన చాక్లెట్ చూస్తుండగానే తడిమట్టిలా బిగుసుకుపోతుంది. ఒకసారి చాక్లెట్ చల్లారిపోతుందేమోనని గిన్నెపై మూత పెట్టాను. మూత లోపల పట్టిన ఆవిరి చెమ్మ చుక్కలుగా రాలి, చాక్లెట్ అంతా పాడైంది. అప్పటినుంచి కరిగించే గిన్నెకు మూత పెట్టలేదు, తడి గరిటె తగలనివ్వలేదు.

దీనికి విరుగుడు కూడా నీరే. కొద్దిపాటి నీటికి ముద్దకట్టినది మరికొంత నీరు చేరితే మళ్లీ విడిపోతుంది. 60 గ్రాముల చాక్లెట్‌కు కనీసం 15 మిల్లీలీటర్ల వేడి నీళ్లో పాలో పోసి, ఆగకుండా కలిపితే మళ్లీ నునుపుగా వస్తుంది; కోకో శాతం ఎక్కువైతే మరికొంచెం అవసరమవుతుంది. ఇలా సరిచేసిన చాక్లెట్ పిండిలో కలపడానికి పనికొస్తుంది కానీ, బార్లపై గట్టిగా పేరుకునే పూతకు పనికిరాదు. డార్క్ చాక్లెట్‌ను 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకుండా, పాల చాక్లెట్‌ను అంతకంటే తక్కువ వేడిలో కరిగించాలి. మైక్రోవేవ్‌లో సగం శక్తి మీద 30 సెకన్ల చొప్పున పెట్టి, ప్రతిసారీ బయటకు తీసి కలిపితే చాలు. మరుగుతున్న నీళ్లపై గిన్నె పెట్టి కరిగిస్తేనే మంచి చాక్లెట్ అవుతుందన్న మాటలో నిజం లేదు.

అపోహ: ఎండుఫలాలను నానబెడితే బార్లు మెత్తబడి చెడిపోతాయి, పొడిగానే వేయాలి.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఎండుఫలం దాహంతో ఉన్న పదార్థం. కిస్‌మిస్ బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి, చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది. బాగా ఎండిన కిస్‌మిస్‌ను నేరుగా పిండిలో వేస్తే, అది బేక్ అయ్యేటప్పుడూ ఆ తరువాతా చుట్టూ ఉన్న పిండిలోని తేమను పీల్చుకుంటుంది. మరునాడు అలాంటి బార్‌ను కోసి, కోసిన ముఖాన్ని దగ్గరగా చూడండి. పండు చుట్టూ సన్నని వలయంలా పిండి పొడిబారి, వేలితో తాకగానే రాలిపోతుంది. బార్ ఎండిపోయిందని వెన్న పెంచేవారు ఈ వలయాన్ని చూసి ఉండరు.

కాబట్టి పండ్లు మునిగేటట్టు వేడినీళ్లు పోసి 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి, వడగట్టి, శుభ్రమైన గుడ్డపై పరచి, పైతడి పూర్తిగా పోయేదాకా అద్దాలి. నానబెట్టడం ఎంత అవసరమో ఈ అద్దడం కూడా అంతే అవసరం. పండు లోపల తేమ ఉండాలి, పైన ఉండకూడదు. పైతడితో వేస్తే బార్లు చెడిపోతాయన్న మాట నిజమే, బహుశా ఆ అనుభవం నుంచే ఈ అపోహ పుట్టి ఉంటుంది. నొక్కితే మెత్తగా ఉండే ఖర్జూరాన్ని నానబెట్టనక్కరలేదు.

అపోహ: పండ్లకు మైదా పట్టిస్తే అడుగుకు దిగవు.

వాస్తవం: పండు దిగుతుందా లేదా అన్నది పిండి చిక్కదనం మీద, ముక్క పరిమాణం మీద ఆధారపడుతుంది. బార్ల పిండి సాధారణంగా చిక్కగానే ఉంటుంది. పలచగా ఉంటే ఎంత మైదా పట్టించినా పండ్లు దిగుతాయి. అంటుకునే ఖర్జూరం ముక్కలను విడదీయడానికి మాత్రం ఆ మైదా ఉపయోగపడుతుంది, దాన్ని కొలిచి పెట్టుకున్న మైదాలోంచే తీసుకోవాలి.

అపోహ: గుచ్చిన పుల్ల శుభ్రంగా బయటకు వస్తేనే బార్లు ఉడికినట్టు.

వాస్తవం: కేకుకు సరిపోయే ఈ పరీక్ష బార్లకు సరిపోదు. పుల్ల శుభ్రంగా వచ్చేసరికి లోపలి తేమ చాలావరకు పోయి ఉంటుంది, పైగా ట్రే వేడికి బయటకు తీశాక కూడా కొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది. అంచులు గట్టిపడి, మధ్యలో గుచ్చిన పుల్లకు తడిగా ఉన్న నలుసులు కాస్త అంటుకున్నప్పుడే తీయాలి; పచ్చి పిండి జారుతూ అంటితే ఇంకా సమయం ఉందన్నమాట. పుల్ల కరిగిన చాక్లెట్ ముక్కలోకో ఖర్జూరంలోకో దిగితే తప్పుగా తోస్తుంది కనుక రెండు చోట్ల గుచ్చి చూడండి. నేను 20 సెంటీమీటర్ల చదరపు లోహపు ట్రేలో 175 డిగ్రీల వద్ద బేక్ చేస్తూ, 20వ నిమిషం నుంచే చూడడం మొదలుపెడతాను. పైకి తేలిన కిస్‌మిస్‌లు మాడి చేదెక్కుతాయి, వాటిని ముందే పిండిలోకి నొక్కాలి.

అపోహ: పంచదార సగం తగ్గిస్తే తీపి మాత్రమే తగ్గుతుంది.

వాస్తవం: తేమను పట్టి ఉంచేది పంచదారే కనుక బార్ గట్టిబడుతుంది. పంచదార బదులు ఖర్జూరం ముద్ద వేసి ‘చక్కెర లేని బార్లు’ అనడం కూడా సరికాదు. ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే, మధుమేహం ఉన్నవారు ఈ పేరు చూసి మోసపోకూడదు.

అపోహ: చాక్లెట్‌పై తెల్లటి పొర బూజు.

వాస్తవం: అది చాలావరకు పైకి తేలిన కోకో వెన్న, లేదా తేమ తగిలి కరిగి మళ్లీ గట్టిపడిన చక్కెర. వేలితో రుద్దితే కరిగేది వెన్న, గరుకుగా నిలిచేది చక్కెర. రెండూ తినదగినవే, కరిగించి పిండిలో కలపడానికి పనికొస్తాయి. నూగులా పైకి లేచి, ముక్కిపోయిన వాసన వేస్తే మాత్రం పారేయాలి. ఫ్రిజ్‌లో పెట్టిన బార్లను డబ్బాతో సహా గది వేడికి రానిచ్చి, ఆ తరువాతే మూత తీయాలి. చల్లటి బార్‌కు వెచ్చని గాలి తగిలితే పైన చెమ్మ పట్టి ఈ చక్కెర పొర ఏర్పడుతుంది.

కోయడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. బార్లు పూర్తిగా చల్లారాక, పొడవాటి కత్తిని వేడినీళ్లలో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్క గాటుగా దించి, ప్రతి గాటుకూ మళ్లీ ముంచి తుడవాలి. తుడవని కత్తితో కోస్తే ఆ నీటి చుక్కలు పై పూతపై మచ్చలుగా మిగులుతాయి.