ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు: కడప హాళ్లలో బయోపిక్ గొడవకు వెనక కథ

2019 మే 1న కడప జిల్లాలో కొన్ని థియేటర్లు ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ ఆడించేశాయి. ఏప్రిల్ 11నే పోలింగ్ అయిపోయింది కానీ ఓట్ల లెక్కింపు మే 23న. అప్పటిదాకా ఆ సినిమా వేయొద్దని ఎన్నికల సంఘం ముందే చెప్పింది. వేసినవాళ్లు చిక్కుల్లో పడ్డారు. ఆపలేకపోయినందుకు జిల్లా జాయింట్ కలెక్టర్ మీద కూడా చర్యకు సిఫార్సు వెళ్లింది. పాతికేళ్ల కిందటి సంగతులతో తీసిన సినిమా ఇప్పటి అధికారి కుర్చీకి టెన్షన్ తెచ్చిపెట్టిందన్నమాట.

దీని వెనక ఉన్నది ఆ ఒక్క సినిమా కాదు. అధికారం చలాయించిన మనిషి కథను సినిమాగా తీస్తే సీమలో జనం నటన గురించి, పాటల గురించి మాట్లాడుకునేది తక్కువ. ఇంటర్వెల్ కాకముందే వాదన వేరే చోటికి పోతుంది: యాడ మొదలుపెట్టినారు, యాడ ఆపినారు?

ఎన్టీఆర్ మీద 2019లో వచ్చిన సినిమాలే చూడండి. జనవరిలో ‘కథానాయకుడు’, ఫిబ్రవరిలో ‘మహానాయకుడు’. తండ్రి పాత్ర వేసింది బాలకృష్ణ. ఎన్టీఆర్ మూడుసార్లు గెలిచిన హిందూపురానికి అప్పటికి ఆయనే ఎమ్మెల్యే. రెండో సినిమా 1984లో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను గద్దె దించిన ఎపిసోడ్ దాకా వచ్చింది, 1995 దాకా రాలేదు. మార్చిలో రామ్‌గోపాల్ వర్మ, అగస్త్య మంజు తీసిన ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ సరిగ్గా ఆ మిగిలిన భాగాన్నే పట్టుకుంది. రెండో భార్య లక్ష్మీపార్వతి రాక, అల్లుడు చంద్రబాబు తిరుగుబాటుతో పదవి పోయిన 1995 ఆగస్టు సంక్షోభం, 1996 జనవరి 18న మరణం. మనిషి ఒక్కడే. ఒకరు ఆపిన చోటుకు అవతల ఇంకొకరు మొదలుపెట్టారు. రెండు సినిమాలకూ ఈలలు వేసినవాళ్లు మాత్రం ఒకళ్లు కారు.

మార్చి 29న ఆ సినిమా తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రలో హైకోర్టు ఆపింది. ఏప్రిల్ 10న ఎన్నికల సంఘం ఇంకో అడుగు వేసి, ఏ పార్టీకైనా మేలు చేసే బయోపిక్‌లను ఎన్నికల కోడ్ ఉన్నంతకాలం వేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాని మోదీ మీద తీసిన సినిమా, కేసీఆర్ మీద తీసిన ‘ఉద్యమ సింహం’ కూడా ఆ వేటులోనే పడ్డాయి. చివరికి ఆంధ్రలో మే 31న విడుదలైంది. అప్పటికి ఫలితాలు వచ్చేశాయి, ప్రభుత్వం మారిపోయింది. ఇక ఆ సినిమా చూసి ఉడుక్కునేవాళ్లెవరు?

ఆ ఏడాదే ఫిబ్రవరి 8న ‘యాత్ర’ వచ్చింది. కోడ్ రాకముందే విడుదలైంది కాబట్టి ఈ బాధ తప్పింది. 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా వైఎస్ రాజశేఖరరెడ్డి నడిచిన దాదాపు 1,500 కిలోమీటర్ల పాదయాత్ర, 2004 గెలుపు, ఉచిత కరెంటు మీద సంతకం. కథ అంతే. మమ్ముట్టి తెలుగులో తనే డబ్బింగ్ చెప్పుకున్నాడు. పంచె సర్దుకోవడం, చెయ్యి ఊపడం అచ్చం అలాగే చేయాలని పోలేదు, అది మంచి పని. చివర్లో పెంచల్‌దాస్ ‘మరుగైనావా రాజన్నా’ అని ఎత్తుకుంటే, 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో హెలికాప్టర్ కనిపించకుండా పోయిన రోజు గుర్తున్నవాళ్లకు సినిమాకూ జ్ఞాపకానికీ తేడా ఉండదు.

వ్యతిరేకుల మాట కూడా కొట్టేయదగ్గది కాదు. 1978లో పులివెందులలో తొలిసారి గెలిచిన మనిషికి 2003 నాటికే పాతికేళ్ల రాజకీయం ఉంది. కాంగ్రెస్‌లో ముఠా తగాదాలు, 1998లో తండ్రి రాజారెడ్డి హత్య, దాని చుట్టూ ఉన్న ఫ్యాక్షన్. వాటిలో నడిచి వచ్చిన మనిషిని రెండు నెలల నడకలో చూపిస్తే సరిపోతుందా అన్నది వాళ్ల ప్రశ్న. నన్నడిగితే ఆ కోతే సినిమాను నిలబెట్టింది, ఆ కోతే దాన్ని జీవిత చరిత్ర కాకుండా చేసింది.

ఇలా కోసి చెప్పడం సినిమాతో వచ్చిన రోగమేం కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక, అనంతపురం కేంద్రంగా 1807 దాకా పెత్తనం చేసిన కలెక్టర్ థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. వేంపల్లి దగ్గర గండిలో పాపాఘ్ని మీద ఆయనకు బంగారు తోరణం కనిపించిందని, అది కనిపించినవాళ్లు ఎక్కువ కాలం బతకరని ఇప్పటికీ చెబుతారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామే ఆయనతో మాట్లాడాడంటారు. ఈ కథల్లో పాలెగాళ్లను అణచిన మన్రో లేడు, పొలాలు కొలిపించి శిస్తు కట్టిన మన్రో కూడా అంతగా కనబడడు. ఏ కోర్టూ ఆపలేదు, ఏ సెన్సారూ చూడలేదు.

చట్టం మాత్రం చాలాకాలంగా కథ చెప్పేవాడి వైపే కాస్త మొగ్గుతోంది. ఆటో శంకర్ అనే ఉరిశిక్ష ఖైదీ ఆత్మకథలో పెద్ద అధికారుల ప్రస్తావన ఉందని, అది అచ్చు కాకుండా ఆపాలని తమిళనాడు అధికారులు చూశారు. 1994లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఉద్యోగ ధర్మంలో చేసిన పనుల గురించి రాస్తే, అది అబద్ధమని తెలిసీ లేదా నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని రుజువు చేస్తే తప్ప అధికారులు దావా నెగ్గలేరు. అయినా ఎన్నికల ముందు ఈ తీర్పు కంటే తేదీకే బలం ఎక్కువ. 2024లో జగన్ కథతో వర్మ తీసిన ‘వ్యూహం’ కూడా కోర్టు మెట్లెక్కి దిగాకే మార్చిలో విడుదలైంది.

‘యాత్ర 2’ మాత్రం మళ్లీ ఫిబ్రవరి 8నే వచ్చింది. 2009లో తండ్రి పోవడం దగ్గర మొదలై 2019లో జగన్ గెలుపు దగ్గర ఆగింది. తెర మీదకు రాని ఆ తర్వాతి ఐదేళ్ల మీద మే 13న జనం ఓటేశారు. 2019లో కడప జిల్లా పది సీట్లూ ఇచ్చిన పార్టీకి ఈసారి వచ్చినవి మూడు: పులివెందుల, బద్వేలు, రాజంపేట.